స్పేరు మనిషి ఓటు

దోహా సనయ్యల మా క్యాంపుకు
కుర్చీ ఒక్కటే.
కంపెనీ ముంగట నిలబడి
మా దిక్కు మాట్లాడెటోని కుర్చీ.
పొద్దుషిఫ్టోళ్ళు ఒకణ్ణి ఏరుకోవాలె,
రాత్రిషిఫ్టోళ్ళు ఒకణ్ణి.
అటెన్క ఆ ఇద్దరిట్ల ఎవడని
క్యాంపంత ఓటెయ్యాలె.

నేను స్పేరు డ్రైవర్ని.
ఎవనికి జరమొస్తె వాని బస్సు నాది,
వాని పొద్దో, వాని రాత్రో నాది.
పోయినేడు మెస్సు గోడకు రెండు లిస్టులు అంటువెట్టిన్రు.
రెండిట్లనూ వేలువెట్టి ఎతికిన,
దుబ్బ రాజేశం యాడ లేడు.
"లిస్టుల లేనోడు ఆఖరి రోజు రా" అన్నరు.

ఆఖరి రోజుకు ఏం మిగిలింది?
"పగలు పండేటోని కోసం టీవీ బందువెట్టాల్నా?" అని ఒర్రి
పొద్దోళ్ళల్ల పోశెట్టి గెలిచిండు.
"టీవీ పలగ్గొడ్త" అని ఇంకింత ఒర్రి
రాత్రోళ్ళల్ల లింబాద్రి.
వరండల మందపు పరదా కడదాం, ఇద్దరం బతుకుదాం
అన్న మస్తాన్‌వలికి పన్నెండు ఓట్లు.
తలుపేసుకున్న ఇంట్ల
గొంతు పెద్దోడే ముద్దు.
నూట ఎనభై మందిమి,
ఆఖరి రోజు వచ్చింది డెబ్బై.
నేనూ పోలే. బట్టలు పిండుకున్న.

ఈయేడు లిస్టులు చింపేసిన్రు.
ఆరో నంబరు గదిల పొద్దోళ్ళ డబ్బాలు,
పదకొండుల రాత్రోళ్ళయి.
పాలపొడి డబ్బాలకు పేర్లు రాసి పెట్టిన్రు.
మనిషికొక ఇనుప నట్టు.
ఏ తలుపులకన్న పో, కాని ఒక్క తలుపే.
ఏసినోని బొటనవేలికి గ్రీసు.

ముందురాత్రి బాత్రూం లైన్ల గుసగుస:
"రాత్రోళ్ళ గదికి పోదాం,
బాలనర్సు డబ్బాల ఏద్దాం.
మీటింగుల కూసున్నకాన్నే గురక పెట్టెటోడు,
ఆఖర్ల వాణ్ణి ఓడగొట్టుడు అల్కగ."
పోశెట్టి మనుషులు ముప్పై మంది
లుంగీలు ఎగ్గట్టుకొని పదకొండు దిక్కు నడిచిన్రు.

లింబాద్రి తలుపుకు అడ్డం నిలబడ్డడు.
"మా ఇంటి పెండ్లికి
మీరు పిల్లను చూసుడేందిరా?"
గొంతు ఈసారి పెద్దగ లేదు.
ఆ మాట నిజమే.
నాకు మొదటిపారి తలుపు తెరుసుకున్నదీ నిజమే.
రెండు నిజాల నడుమ
వరండల నిలబడ్డ,
చేతుల నట్టు చెమటకు తడిసింది.

లింబాద్రి అంటె భయం,
మస్తాన్ అంటె ఇష్టం.
భయానికొకటి, ఇష్టానికొకటి
రెండు నట్లు ఇయ్యకపాయిరి.
ఆరో నంబరుల ఇడిసిన.
టంగుమన్నది. డబ్బా అడుగున
నా సప్పుడు నేను ఇన్న.

లెక్కపెడితె
మస్తాన్ ఎనిమిది నట్లతోని గెలిచిండు.
కుట్రకు పోయిన ముప్పై మంది
ఇంట్ల లేకపాయిరి మరి!
పోశెట్టి ఒక్కొక్కని బొటనవేలు చూసుకుంట కూసున్నడు.
పదకొండుల బాలనర్సు గెలిచిండు.
వాళ్ళు అనుకున్నది అయ్యింది,
అనుకోనిది ముందే అయ్యింది.

తెల్లారి డ్యూటీ దిగి
బాలనర్సు పండుకోలే.
గడ్డం గీసుకున్నడు, అంగి ఇస్త్రీ చేసుకున్నడు,
నా బస్సు కాడికొచ్చి మెట్టు మీద నిలబడ్డడు.
"రాజేశం, నలభై ఒక్క మంది నన్ను ఏరుకున్నరట.
తొమ్మిదేండ్లల్ల నా పేరు
గంత మంది నోట్ల వడలే.
నీళ్ళ మిషిను కాడ మెట్టు ఇరిగింది సూడు,
ఆడికెళ్ళి మొదలువెడ్త.
నన్నెందుకు నమ్మిన్రంటవ్?"

ఇంజను చాలుజేసిన.
వేలికి గ్రీసు ఇంక పోలే.
చెయ్యి జేబుల పెట్టుకొని
"ఎక్కు నర్సన్నా, నీళ్ళ మిషిను దాంక
దింపిపోత" అన్న.